సూర్యలంక ఇసుకలో దొరికిన మా ఇంటి పైసా

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. బతికున్న మనుషులనే నమ్మలేని ఇంట్లో కాపురం చేసినదాన్ని, లేనివాళ్లను ఏం నమ్ముతాను. జహీరాబాద్‌లో తెలుగు టీచర్‌గా చేస్తున్నాను. నేను రాసేది జరిగింది జరిగినట్టే. నమ్మకపోతే మీ ఇష్టం. నమ్మకపోవడం నాకు కొత్త కాదు.

మా ముస్లిం ఇళ్లలో దూరప్రయాణం వెళ్లేవాళ్ల చేతికి ఇమామ్ జామిన్ కడతాం. ఒక నాణేన్ని గుడ్డలో పెట్టి కుట్టి, క్షేమంగా చేరాలని మోచేతి పైన దండకు కడతాం. చేరాక విప్పి, ఆ నాణెం బీదవాళ్లకు ఇచ్చేయాలి. అదీ పద్ధతి.

మా అత్తగారింట్లో అట్లా కాదు. వాళ్లకు నిజాం కాలంనాటి రాగి నాణెం ఒకటి ఉండేది. ఇంట్లో ఎవరు ఊరు వెళ్లినా అదే కట్టేవారు. చేరాక వేరే చిల్లర దానం చేసి, దాన్ని మాత్రం జాగ్రత్తగా వెనక్కి తెచ్చేవారు. మా మామగారు ఫిట్టర్. ఎవరూ మార్చేయకుండా నాణెం అంచున ఆకురాయితో మూడు గాట్లు పెట్టారు. రెండు పక్కపక్కన, ఒకటి ఎదురుగా. ఆ గాట్లు మాలో ప్రతి ఒక్కరికీ తెలుసు.

మా మరిది సలీం జెడ్డా వెళ్లేటప్పుడు పెద్ద కోడలిగా నేనే కుట్టాను. ఆకుపచ్చ గుడ్డ. నాణెం లోపల పెట్టాను. కుట్టాను. అతని చేతికి కట్టాను. అక్కడ దిగాక విప్పి చూస్తే లోపల మామూలు రూపాయి బిళ్ల ఉందని ఫోన్ చేశాడు.

అంతే. నేను దొంగనయ్యాను.

మా అత్తగారు నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి ఎవరికీ ఇమామ్ జామిన్ నా చేత్తో కట్టనివ్వలేదు. నా కూతురు చదువుకని మొదటిసారి ఇల్లు దాటినప్పుడు కూడా, నేను పక్కనే నిలబడి ఉండగా, మా ఆడపడుచు నస్రీన్‌ను కోహీర్ నుంచి పిలిపించి కట్టించారు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. నాలుగేళ్ల కిందట అత్తగారు పోయారు. అదే నమ్మకంతో పోయారు.

కిందటేడు సెలవుల్లో అందరం బాపట్ల దగ్గర సూర్యలంక సముద్రానికి వెళ్లాం. మా తమ్ముడికి అల్లం తోట ఉంది. దుక్కిలో విరిగిపోయిన ఇనుప ముక్కలు వెతకడానికి మెటల్ డిటెక్టర్ కొన్నాడు. దాన్ని సముద్రానికీ మోసుకొచ్చాడు. పట్టపగలు, జనం మధ్య, అది కూత పెట్టిన చోట తవ్వితే పచ్చగా చిలుం పట్టిన గడ్డ ఒకటి వచ్చింది. ఇసుక అతుక్కుని, గులకరాయిలా ఉంది. నస్రీన్ నా పక్కనే ఉంది. ఆమే నవ్వుతూ దాన్ని నా సంచిలో వేసింది.

ఇంటికొచ్చాక బిందెలు తోమినట్టే చింతపండు, ఉప్పు పెట్టి దాన్ని రుద్దబోయాను. మా బడిలో సోషల్ చెప్పే సదానందం సార్‌కు పాత నాణేల పిచ్చి ఉంది. ఆయనకు ఫోన్ చేస్తే కేక వేసినంత పని చేశారు.

"మేడం, చింతపండు పెట్టకున్రి. మీద రాతలేమన్న ఉంటె గిట్ల మొత్తం పోతయి. నాకియ్యున్రి జర."

ఆయన దాన్ని బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో వారాల తరబడి నానబెట్టారు. మెత్తబడిన చిలుమును వెదురు పుల్లతో కొంచెం కొంచెంగా తీశారు. ఒకరోజు మా ఇంటికి వచ్చి భూతద్దంతో సహా బల్ల మీద పెట్టారు. నస్రీన్ కూడా అప్పుడు ఇంట్లోనే ఉంది.

నిజాం తుగ్రా, అదే ఆ మెలికల అక్షరాల రాజముద్ర, కనిపిస్తోంది. అంచున గాట్లు ఉన్నాయి. రెండు పక్కపక్కన, ఒకటి ఎదురుగా.

ఆ గాట్లను గోటితో తడిమి చూశాను. నస్రీన్ నా వైపు తిరిగింది. సార్‌కు కూడా అర్థం కావాలని తెలుగులోనే అంది.

"ఇన్నేండ్లు యాడ దాచినవ్ భాభీ? నువ్వే తీస్కపోయి ఇసుకల పెట్టి, నువ్వే దొర్కిచ్చుకున్నవ్. మంచిగనే ఉంది నాటకం."

దొరకనప్పుడు దొంగను. దొరికాక ఇంకా పెద్ద దొంగను. ఆ మాట వింటూ మా ఆయన గోడవైపు చూశారు. అదీ రాసి పెట్టుకున్నాను మనసులో.

సదానందం సార్ నాణేన్ని తిప్పి, భూతద్దం నస్రీన్ చేతికిచ్చారు. వెనుకవైపు ఆయన తీయకుండా వదిలేసిన చిలుములో నేత అచ్చు ఉంది. పడుగు, పేక విడివిడిగా కనిపిస్తున్నాయి. ఒక అంచున వరుసగా కుట్టు గుర్తులు.

"గుడ్డల ఉండంగనే చిలుం పట్టింది చెల్లె. గుడ్డ మురిగిపోయింది, అచ్చు మిగిలింది. ఇంత గట్టి పొర ఉప్పునీళ్లల్ల ఏండ్లకేండ్లు ఉంటెనే పడతది. పెట్టెల దాస్తె పడదు."

నస్రీన్ భూతద్దం కింద పెట్టి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

సలీంను అడిగాను. ఇక్కడి నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి విమానంలో జెడ్డా. చేరేదాకా ముడి విప్పలేదని ఒట్టు వేశాడు. ఆ సముద్రపు ఒడ్డు మాలో ఎవరూ అంతకుముందు చూడలేదు.

ఈ మధ్య నస్రీన్ కొడుక్కు పుణెలో ఉద్యోగం వచ్చింది. బయలుదేరే రోజు వాడిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆకుపచ్చ గుడ్డ, కొత్త నాణెం నా ముందు పెట్టి, ఉర్దూలో మెల్లగా, నువ్వే కట్టు భాభీ అంది. ప్రేమతో కాదు. నా మీద వేసిన నింద కొడుక్కు తగులుతుందేమోనన్న భయంతో. ఆమె కళ్లు చూస్తే తెలుస్తోంది.

ముందు నేను తీయలేదని అందరి ముందూ చెప్పమన్నాను. సార్ ముందు నన్ను దొంగ అన్న భాషలోనే చెప్పమన్నాను. ఆమె నోరు విప్పలేదు. నేను సూది ముట్టలేదు. బస్సుకు టైం అవుతోందని మా ఆయన గొణిగారు. కానీయమన్నాను.

చివరికి అంది. "భాభీ తియ్యలే. మేమే గలత్ అన్నం."

"అమ్మీ కూడా గలత్ అన్నది," అన్నాను. అత్తగారిని వదలదలచుకోలేదు.

"అమ్మీ కూడా," అంది.

అప్పుడు కుట్టాను. వాడి చేతికి నా చేత్తో కట్టాను. క్షేమంగా చేరాడు.

నేను కుట్టిన గుడ్డలోకి రూపాయి బిళ్ల ఎట్లా వచ్చింది, నా నాణెం ఆ ఇసుకలోకి ఎట్లా చేరింది, అన్ని మైళ్ల సముద్రతీరం ఉండగా సరిగ్గా మా కాళ్ల కిందే ఎందుకు దొరికింది, ఎంత ఆలోచించినా నాకు తెలియదు. సదానందం సార్‌కూ తెలియదు. తెలిసినట్టు చెప్పేవాళ్లను నేను నమ్మను.

మొన్న మా ఆయన ఆ నాణెం అడిగారు. ఖబ్రస్తాన్‌కు తీసుకెళ్లి, అమ్మీ సమాధి దగ్గర చూపించి, చెప్పి వస్తానన్నారు.

ఇవ్వలేదు. చూడాలనుంటే ఆమే రావాలి.