టేపు పెట్టి కొలిచిన ఎద్దు

బి.ఏ. పాసైనంక నేను ఏండ్లకేండ్లు ఖాళీగ ఉన్ననని మా ఊళ్లె ఇప్పటికీ అంటరు. అబద్ధం. రెండేండ్లే ఉన్న. ఆ రెండేండ్లు కూడా ప్రతి ఆదివారం సైకిలేసుకొని సిద్దిపేట పోయి, బస్టాండ్ కాడి దుకాణంల నిలబడి పేపర్ చదివేది. అట్ల చదువుతుంటే ఒకరోజు కండ్లబడింది: ఇంటి వద్దనే ఉండి పశుపోషణలో సర్టిఫికెట్ పొందండి. నేను ఎట్లాగూ ఇంటి వద్దనే ఉంటున్న. సగం అర్హత అప్పుడే వచ్చినట్టు అనిపించింది.

పాడి పశువుల విభాగం ముందల టిక్కు పెట్టి ఫారం పంపిన. నెలకు జవాబొచ్చింది. పాడి విభాగంల సీట్లు నిండినయట, అందుకని నన్ను మాంసపు పశువుల విభాగంల సర్దిన్రట. పోస్టుల వచ్చే చదువుకు సీట్లు ఎట్ల నిండుతయో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరు యాడ కూసున్నరో.

అప్పుడే తిప్పి పంపితే అయిపోతుండె. కాని అప్పటికే బాపు ఊరంత చెప్పిండు. కల్లు మండువ కాడ, రైస్ మిల్లు కాడ, దారినపోయే ప్రతి మనిషికి, “మావోడు పశువుల డాక్టర్ చదువుతుండు” అని. నా బి.ఏ. గురించి బాపు ఎన్నడూ ఎవ్వరికీ చెప్పలేదు. అది ఏం పని చేస్తదో ఆయనకు అర్థం కాలేదు, నాకూ కాలేదు గనక నేను తప్పు పట్టలేదు. పశువుల డాక్టరంటే మాత్రం బాపుకు తెలుసు. ఎందుకంటే మా ఇంట్ల బూడిద రంగు మైల ఎద్దు ఉండేది.

దాని జోడెద్దు పాము కరిచి పోయింది. ఆ తర్వాత బాపు ఈ ఎద్దును మళ్ల నాగలికి కట్టలేదు. కొత్త జోడి తెచ్చి సేద్యం చేసిండు, దీన్ని మాత్రం కొట్టంల ఉంచి గడ్డి, తవుడు పెట్టిండు. ఎడమ కొమ్ము కొన విరిగిన ఆ ముసలిదాన్ని ‘పెద్దోడా’ అని పిలిచేది. ఇంటికి పెద్దకొడుకును నేను. బాపు ఆ పిలుపు పిలిస్తే ఇద్దరం తల తిప్పేది. ఎక్కువసార్లు పిలుపు దానికే.

అట్లాంటి ఇంట్లకు కోత కోసం పశువును ఎట్ల బలిపియ్యాలె, ఎన్నడు అమ్మాలె, ఏ భాగంల మాంసం ఎక్కువ అని నెలనెలా పాఠాలు రావడం మొదలైంది. బాపుకు ఇంగ్లీషు రాదు, అదొక్కటే ధైర్యం. కాని పాఠాలల్ల బొమ్మలున్నయి. నాలుగో పాఠంల పేజీ నిండ ఒక ఎద్దు. మెడ నుంచి తొడ దాకా చుక్కల గీతలు గీసి ముక్కలు ముక్కలు చేసి, ముక్కకో నంబర్ వేసిన్రు. ఎద్దు మొకం మాత్రం నిమ్మళంగ ఉన్నది. దానికి పాఠం చదివి వినిపియ్యలేదు కావచ్చు.

పుస్తకాలన్నీ వడ్ల గుమ్మి వెనుక దాచేది. దాచినంక కూడా భయం తగ్గలేదు. ఎలుక ఒక పేజీ గుంజి నడి ఇంట్ల పెడితే? నన్ను కన్న అవ్వ గుమ్మి జరిపితే? ఇంట్ల ఎవరు దగ్గినా నేను గుమ్మి దిక్కు చూసేది. అన్నిటికంటే పెద్ద భయం పోస్ట్‌మ్యాన్. ఆయన వాడకట్టు మొదట్లనే గంట కొట్టి, “డాక్టర్ సాబ్, మీ ఎద్దులొచ్చినయ్!” అని అరిచేది. ఒకరోజు వానకు కవరు తడిసి చినిగింది. బాపు అరుగు మీద కూసోని తాడు పేనుతుండు. నేను ఉరికొచ్చేలోపలనే పోస్ట్‌మ్యాన్ లోపలి కాయితం బయటికి తీసిండు.

“ఏందయ్యా ఇది, ఎద్దును మ్యాప్ గీసినట్టు గీసిన్రు?”

బాపు తాడు ఆపి చూసిండు.

“సూదులిచ్చే జాగలు,” అన్న.

బాపు ఆ నంబర్లన్నీ ఓపికగ లెక్కపెట్టిండు. “గిన్ని సూదులా?” అన్నడు. ఆయన గొంతుల ఎద్దు మీద జాలి ఉన్నది. “మన పెద్దోనికి ఇయ్యకు బిడ్డా. వానికి సూదంటే భయం.”

ఆ రోజు అన్నం దిగలేదు. అబద్ధానికి కాదు, నమ్మినందుకు.

ఐదో పాఠంల ప్రాక్టికల్ ఉన్నది. ఇంటి పశువు రొమ్ము చుట్టూ, వీపు పొడుగునా టేపుతోటి కొలిచి బరువు లెక్కగట్టాలె. కొలిచిన జాగలల్ల సుద్దముక్కతోటి గుర్తు పెట్టాలె. తర్వాత పక్కటెముకల మీద, నడుము మీద, తోక మొదట్ల బొటనవేలితోటి వత్తి, కొవ్వు ఎంత పట్టిందో మార్కులెయ్యాలె. మార్కులు పశువుకు, ఆ మార్కులకు మార్కులు నాకు.

మా దిక్కు ఎద్దును ఎవరూ కొలువరు. పండ్లు చూస్తరు, సుడులు చూస్తరు, కాడి కట్టి నాలుగడుగులు నడిపించి చూస్తరు. తోక మొదట్ల బొటనవేలు పెట్టి వత్తేటోళ్లు అంగడిల ఒక్క తీరు మనుషులే. కోతకు కొనేటోళ్లు. వాళ్లు ఎద్దు మొకం దిక్కు కూడ చూడరు. ఈ సంగతి మా ఊళ్లె నడక నేర్చిన పిల్లకు తెలుసు. నాకూ తెలుసు. కాని ఆ పొద్దు నేను ఐదో పాఠంల ఉన్న.

బాపు పొలం పోయిండని చూసుకొని, టైలర్ దగ్గర అడుక్కొచ్చిన టేపు పట్టుకొని కొట్టంల చొరబడ్డ. ఎద్దు ఏమనలేదు. కొలిచిన, గీసిన, వత్తిన. తోక మొదట్ల రెండుసార్లు వత్తిన, మొదటిసారి సరిగ తెలువలేదని. నోట్‌బుక్‌ల రాసుకొని వెనుకకు తిరిగితే బాపు నిలబడి ఉన్నడు. నెత్తి మీద పచ్చిగడ్డి మోపు. ఎంతసేపటి నుంచి ఉన్నడో తెలియదు, మోపు మాత్రం దించలేదు.

“అయిందా?” అన్నడు.

“అయింది బాపు.”

మోపు దించి, ఎద్దు తాడు విప్పి, తన మంచం పక్కనున్న గుంజకు కట్టిండు. తిడితే బాగుండు అనిపించింది. బాపు తిట్లు నాకు అలవాటే, ఈ నిమ్మళమే కొత్త.

తెల్లారి లేచి చూస్తే గుంజ ఖాళీ. అవ్వ వాకిట్ల సాన్పు చల్లుతుంది.

“అవ్వా, బాపేడి?”

“ఎద్దును తోల్కపోయిండు.”

“ఎటు?”

“నన్నడుగుతవేందిరా? చదువుకున్నోడు చూసిండు గద, ఇగ దీని సంగతి అయిపోయింది అనుకుంట పోయిండు. నువ్వేం చూసినవో నువ్వే చెప్పాలె.”

ఆ రోజు సిద్దిపేటల పశువుల అంగడి. పశువుల డాక్టర్ చదివే కొడుకు వత్తి చూసి, ఇగ కోతకే అని తేల్చిండని బాపు నమ్మిండు. నేను సూదులన్నా నమ్మినోడు ఇది నమ్మడా? సైకిల్ ఎట్లెక్కిన్నో, చెప్పులేసుకున్ననో లేదో గుర్తు లేదు. లేదు, వేసుకోలేదు. దారిల ఒక ముల్లు గుర్తుంది.

అంగడిల ఎద్దులంటే వెయ్యి కొమ్ములు. నేను ఎడమ కొమ్మే చూసుకుంట తిరిగిన. ఒక మూలకు లారీ నిలబడి ఉన్నది, వెనుక తలుపు పెట్టేసిన్రు. లోపల నుంచి గిట్టల చప్పుడు. పలకల సందుల నుంచి తొంగి చూస్తే అన్నీ తోకలే కనబడ్డయి. నిన్న కొలిచి, వత్తి, నోట్‌బుక్‌ల రాసిన ఎద్దును తోక చూసి గుర్తు పట్టలేకపోయిన. “పెద్దోడా” అని పిలిచిన. మళ్ల పిలిచిన. ఒక్క తల తిరగలేదు. చుట్టూ ఉన్నోళ్లు మాత్రం అందరూ తిరిగిన్రు.

తాళ్లు అమ్ముకునే ముసలాయన పిలిచిండు. “మైల ఎద్దా? కొమ్ము విరిగిందా?”

“అవు తాతా!”

“అది అంగడికి రాలే. పొద్దుగాల కరీంనగర్ రోడ్డు పట్టుకొని పోతుండె. ఎద్దు ముందల, మనిషి ఎనుక. ఇద్దరిల మనిషే ఎక్కువ కుంటుతుండు.”

ఆ రోడ్డు మీద మాకు తెలిసిన ఇల్లు ఒక్కటే. బెజ్జంకిల మా మేనత్త ఇల్లు. అయినా నడుమ ఎదురొచ్చిన ప్రతి లారీని ఆగి చూసిన.

పొద్దు వాలేటప్పటికి చేరిన. అత్త కడప మీద కూసోని ఉన్నది, నన్ను చూసి లేవలేదు.

“అల్లుడా, ఒక్కనివే వచ్చినవా?”

“ఒక్కన్నే అత్తమ్మా.”

“ఏం చేసినవురా మా అన్నను? వచ్చినప్పటి సంది ఎద్దును ఇంట్ల దాసి, నన్ను గీడ కావలి కూసోవెట్టిండు. వంట లేదు, గింట లేదు.”

లోపలి వాకిట్ల ఎద్దు ఉన్నది. చెవులు ఆడిస్తుంది. నేను ఊపిరి తీసుకునేలోపల బాపు లేచి నాకు, ఎద్దుకు నడుమ నిలబడ్డడు. కాళ్లు పగిలి ఉన్నయి. చేతిల చర్నాకోల. బాపు ఆ ఎద్దు మీద దాన్ని ఎన్నడూ లేపింది లేదు, అది నాకోసం.

“టేపు తెచ్చినవా?”

“లేదు బాపు.”

“జేబులు సూపియ్యి.”

చూపించిన. ఒక దువ్వెన ఎల్లింది.

“సూదులకు గాదు గదా, గా గీతలు?”

“కాదు.”

“మరి దేనికి?”

చెప్పిన. సీట్లు నిండిన సంగతి కూడ చెప్పిన. బాపుకు నవ్వొస్తదేమో అనుకున్న, రాలేదు. బాపు తువ్వాల తడిపి, ఎద్దు రొమ్ము కాడ మిగిలిన సుద్ద గీతను తుడిచిండు. గీత మొదటి తుడుపుకే పోయింది, అయినా తుడుస్తనే ఉన్నడు.

“చదువు బంద్ చేస్త బాపు.”

“బంద్ చేసినట్టు కాయితం రావాలె,” అన్నడు. “అందాక వీడు గీడనే ఉంటడు.”

బాపు కాడ నా ఉత్త మాట చెల్లకుండ పోయిన రోజు అది.

ఉత్తరం రాసిన. కాయితం వచ్చేసరికి వరి కోతలొచ్చినయి. నా పేరు తీసేసినమని, అందుకు విచారిస్తున్నమని రాసిన్రు. కొలిచిన నాటి సాయంత్రమే పోస్టు చేసిన ఐదో పాఠం కూడ దిద్ది పంపిన్రు. బరువు అంచనా, వేలితో చూసిన పరీక్ష రెండూ చాలా కచ్చితంగ ఉన్నయట. బి.ఏ. మొత్తంల నాకు ఏ పేపర్‌ల అన్ని మార్కులు రాలేదు. ఆ సంగతి ఇంట్ల చెప్పలేదు. కాయితం మాత్రం బాపుకు చదివి వినిపించిన. బాపు దాన్ని తీసుకపోయి పోస్ట్‌మ్యాన్‌తోటి మళ్లొకసారి చదివించుకొని, అప్పుడు బెజ్జంకి పోయి ఎద్దును తెచ్చిండు.

అది ఇంకో రెండేండ్లు బతికింది. అవ్వ గడ్డేసేది, తమ్ముడు నీళ్లు పెట్టేది, పక్కింటోళ్లు కూడ తవుడు కలిపిన్రు. నాకు మాత్రం ఏ పని చెప్పలేదు. నేను కొట్టం దిక్కు పోతే బాపు ఏ మూలకున్నా ఒక దగ్గు వినబడేది.

అది పోయిన పొద్దు, పొలంల గుంత తవ్వి, బండి మీదికి ఎక్కించేందుకు ఐదారుగురు వచ్చిన్రు. బాపు వచ్చినోళ్లందరినీ చూసిండు, చివరికి నన్ను చూసిండు.

“నువ్వు తల దిక్కు పట్టు,” అన్నడు.

తోక దిక్కు ఆయనే పట్టిండు.