కాలివేళ్లలోకి దిగిన పొగ

సర్కారు ఇచ్చిన గొర్రెలు మా మందలో కలిసిన ఏడాది బాపు నడక తగ్గింది. అప్పటికి ఆయనకు నలభై దాటి ఎంతో కాలేదు. మందను తోలుకొని గుట్ట దాకా పోయే మనిషి, రెండు చేన్లు దాటగానే పిక్క పట్టుకొని కూర్చునేవాడు. కాసేపు ఆగితే నొప్పి పోయేది. లేచి నడిస్తే మళ్లీ పట్టేది. కూర్చున్న ప్రతిసారీ ఒక బీడీ ముట్టించేవాడు. రోజుకు రెండు కట్టలు అయ్యేవి.

ఆ చలికాలం కుడికాలి బొటనవేలికి తుమ్మముల్లు దిగింది. ముల్లు తీశారు గానీ పుండు మానలేదు. వేలు తెల్లబడి, నీలంగా మారి, చివరికి నల్లగా అయింది. పక్క వేలు కూడా నల్లబడసాగింది. ఊళ్లో ఎవరో "పెద్దరోగం" అన్నారు. కుష్టును మా వైపు అలాగే అంటారు. దగ్గరి చుట్టాలు పెళ్లికి పిలవడానికి వచ్చి, బాపును మాత్రం తీసుకురావద్దని చెప్పి పోయారు. అమ్మ ఆయన పళ్లెం, గ్లాసు వేరు చేసింది. నేను అప్పుడు పాలమూరులో డిగ్రీ చదువుతున్నాను, అదీ సైన్సు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆయన అన్నం పళ్లాన్ని చేత్తో ముట్టకుండా కాలితో ముందుకు జరిపాను. బాపు చూశాడు.

పుండు వాసన భరించలేక పాలమూరు దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ ఆయన పాదం మీద, మడమ దగ్గర వేళ్లు ఆనించి చాలాసేపు నాడి వెతికింది. పరీక్షలన్నీ అయ్యాక అడిగింది.

"కుష్టు కాదు, షుగరు గూడ లేదు. దినాం ఎన్ని బీడీలు తాగుతవ్?"

"ఎవ్వలు లెక్కవెట్టిన్రమ్మా."

"రక్తనాళాలు మూసుకపోయినయ్. కాలేళ్ల దాంక నెత్తురు పోతలేదు. బీడీతోని వచ్చిన రోగం ఇది."

"పొగ ఛాతిలకు గదమ్మా పోయేది. కాలేళ్లకు ఎట్ల పోతది?"

"నెత్తుర్ల కలిసి పోతది. ఇయ్యాల్నే మానేస్తే మిగిలిన కాలు నీకుంటది. ఒక్కటి తాగినా మళ్ల మొదలైతది."

బాపు తల ఊపాడు. రెండు వేళ్లు తీసేశారు. ఇంటికి వచ్చిన మర్నాడే అరుగు మీద కూర్చొని బీడీ ముట్టించి, చూడవచ్చిన వాళ్లకు డాక్టరమ్మ మాట చెప్పి నవ్వాడు. వాళ్లూ నవ్వారు. "మా నాయిన సచ్చేదాంక తాగిండు. ఆయన కాళ్లకేమైంది?" అన్నాడొకాయన.

వానాకాలం వచ్చేసరికి కుడికాలు మోకాలి కింద దాకా తీసేయాల్సి వచ్చింది.

కాలు పోయాక దుకాణానికి తనే పోలేక, అప్పటికి ఇంటి దగ్గరే ఉండి చదువుకుంటున్న నన్ను పంపేవాడు. డాక్టరమ్మ మాట నేను పక్కనే ఉండి విన్నాను. అయినా తెచ్చిచ్చాను. తేకపోతే అరిచేవాడు, అమ్మను బూతులు తిట్టేవాడు. తాగితే ఒక గంట సప్పుడు చేయడు. ఆ గంట నాకు కావాలి, పరీక్షలున్నాయి. అందుకని తెచ్చిచ్చాను, ఒకసారి కాదు, అడిగిన ప్రతిసారీ.

ఆయన కుడిచేతి చూపుడువేలు కొసన నల్లమచ్చ కనిపించిన రోజు, అమ్మ ఇంట్లో ఉన్న కట్టలన్నీ పొయ్యిలో వేసింది.

"కాలు లేని మనిషిని మోస్త," అంది. "చేతులు గూడ లేనోనికి ముద్ద వెట్టుడు, ముడ్డి కడుగుడు నాతోని గాదు."

ఇంటింటికీ తిరిగి చెప్పింది. "ఎవ్వలన్న ఈయనకు బీడీ ఇస్తే, రేపటి సంది మీరే అచ్చి కడగాలె."

మంద తోలుకొని పోయేటప్పుడు అమ్మ ఆయన చంకకర్రలను దూలానికి కట్టి పోయేది. బాపు మంచం మీద నుంచి నన్ను బతిమాలాడు. "ఒక్కటి, బిడ్డా. నీకు పుణ్యముంటది." నేను బయటికి నడిచాను. పొద్దంతా తిట్టేవాడు. చివరికి గొంతు పోయి, తిట్లు కూడా గురగురగా వచ్చేవి.

ఒకరోజు నేల మీద పాకుతూ బాట దాకా పోయాడు. ఎవరో ముసలాయన జాలిపడి ఒక బీడీ ముట్టించి ఆయన నోట్లో పెట్టాడు. మందతో తిరిగొస్తున్న అమ్మ అది చూసింది. నలుగురి ముందు ఆయన నోట్లో నుంచి లాగబోతే బాపు ఆమె చెయ్యి కొరికాడు. నెత్తురు వచ్చింది. ఆమె ఆ చెయ్యి గుంజుకోలేదు. రెండో చేత్తో బీడీ లాగి, కింద వేసి చెప్పుతో నలిపింది. తర్వాత ఆయన్ని చంకల కింద పట్టుకొని ఇంట్లోకి ఈడ్చుకుపోయింది.

కొన్ని నెలలకు వేలి మచ్చ ఎండి, పక్కు రాలిపోయింది. మళ్లీ దవాఖానకు పోయినప్పుడు డాక్టరమ్మ ఎడమకాలి నాడి చూసి, "మానేసినవా?" అని అడిగింది.

"నేను మానలే. మాన్పిచ్చిన్రు," అన్నాడు బాపు.

వచ్చేటప్పుడు బస్సులో నా పక్కన కూర్చొని, చాలా దూరం పోయాక మాట్లాడాడు.

"మీ అమ్మ గుంజుకున్నది. నువ్వు అడిగినన్ని తెచ్చిచ్చినవ్. డాక్టరమ్మ చెప్పింది నీకు ఇనవడలేదా?"

"నువ్వే అడిగినవ్ గద, బాపూ."

"నేను అడుగుత. నొప్పి అడిగిస్తది. నువ్వు సదువుకున్నదానివి."

నేను కిటికీ వైపు తిరిగాను.

ఇదంతా జరిగి ఏళ్లయింది. ఎడమకాలు ఉంది, చేతివేళ్లు అన్నీ ఉన్నాయి. బాపు మాత్రం, నలుగురి ముందు ఈడ్చుకుపోయిన ఆ రోజు నుంచి అమ్మతో మాట్లాడడు. ఆమె పెట్టింది తింటాడు, ఆమె ఉతికింది కట్టుకుంటాడు. మందలో ఎన్ని ఈనాయో తెలుసుకోవాలంటే పట్నంలో ఉన్న నాకు ఫోన్ చేసి, అమ్మను అడిగి చెప్పమంటాడు. నేను అమ్మకు ఫోన్ చేస్తే ఆమె చెప్పేది ఆయనకూ వినిపిస్తుంది. ఇద్దరూ ఒకే వాకిట్లో ఉంటారు.