నోరు జారిన ‘అండీ’

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్ అంటే ఊరి చివర. ఇళ్ళకంటే ఖాళీ జాగాలే ఎక్కువ. నాన్న ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి అక్కడ ఒక వాటాలో కిరాయికి దిగాం. పక్క వాటాలో పోచంపల్లి నుంచి వచ్చిన చేనేత కుటుంబం ఉండేది. వాళ్ళమ్మాయి డిగ్రీ చదువుతోంది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ పక్కింటి అక్క అంటే నాకు ప్రాణం.

గట్టిగా చదివితే తప్ప అక్కకు పాఠం బుర్రకెక్కేది కాదు. వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ, వేల ఏళ్ళ కిందటి గ్రీకు దేశపు పెద్దలు సుఖం గురించీ సుగుణాల గురించీ ఏం చెప్పారో అప్పజెప్పుకునేది. నేను నోట్సు పట్టుకుని తప్పులు చూసేదాన్ని. దిల్‌సుఖ్ అంటే మనసుకు సుఖమని నాన్న చెప్పాడు కనుక, ఆ గ్రీకువాళ్ళు మా పేటలోనే ఇల్లు తీసుకుంటే సరిపోయేది కదా అన్నాను ఒకసారి. అక్క పడీపడీ నవ్వింది. “సుఖం దిల్‌ల కూసుండేది కాదంట పిల్లా. మనిషి మంచిగ బతుకుడే సుఖమంట” అంది. ధైర్యం సంగతీ అప్పుడే చెప్పింది. పిరికితనం ఒక కొసన, దుడుకుతనం ఇంకో కొసన, నడుమ ధైర్యం ఉంటుందట. పిరికి కొస నాకు బాగా తెలుసు. నా కాపురమే అక్కడ.

ఆ ఏడాదే, అంటే 1969లో, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం భగ్గుమంది. బళ్ళు మూతపడ్డాయి. అక్క కూడా ఊరేగింపులకు వెళ్ళి, నినాదాలిచ్చి, గొంతు పోగొట్టుకుని వచ్చేది. మాలాంటి ఆంధ్రావాళ్ళ ఇళ్ళ మీద రాళ్ళు పడ్డాయని ఎవరో చెప్పినప్పటి నుంచి అమ్మ పట్టపగలు కూడా తలుపు గడియ వేసి ఉంచేది. నోరు విప్పితే మనమెవరిమో తెలిసిపోతుందని నాన్న నాకు కొత్త పాఠం మొదలుపెట్టాడు. ‘ఏంటి’ అనకూడదు, ‘ఏంది’ అనాలి. ‘ఎలా’ అనకూడదు, ‘ఎట్ల’ అనాలి. ఊరేదని అడిగితే నల్లగొండ అని చెప్పాలి. ఒక్క మాట తప్పితే ఏమవుతుందోనని నాకు అన్నం సహించేది కాదు.

ఇంతలో నెలలు నిండిన అమ్మకు నొప్పులొచ్చాయి. నన్ను అక్కావాళ్ళింట్లో వదిలి నాన్న ఆమెను మూసీ అవతలి దవాఖానకు తీసుకువెళ్ళాడు. మూడో రోజు కబురొచ్చింది. తమ్ముడు పుట్టాడు, అమ్మకు మాత్రం బాగా లేదు, నన్ను చూడాలని ఏడుస్తోంది. బస్సులు లేవు. “నేను తోల్కపోత” అని అక్క చెప్పులేసుకుంది.

మూసారాంబాగ్ వంతెన దగ్గర కర్రలు పట్టుకున్న కుర్రాళ్ళు పదిమంది దారికి అడ్డంగా నిలబడ్డారు. అక్కను ఎక్కడికని అడిగారు, దవాఖానకంది. పిల్లెవరని అడిగారు. అక్క జవాబు చెప్పేలోపే “మాది నల్లగొండ” అనేశాను. ముందున్నతను నవ్వి, చేతిలో పొట్లం చాపి, “పల్లీలు తింటవా?” అన్నాడు.

“వద్దండీ” అన్నాను.

నాన్న అన్ని మాటలూ మార్పించాడు గానీ ఆ ‘అండీ’ సంగతే మరిచిపోయాడు. పెద్దవాళ్ళతో అలాగే మాట్లాడాలని నేర్పింది కూడా ఆయనే.

“నల్లగొండల అండీ అంటరా?” అని అడిగాడతను. వెనక నుంచి ఇంకొకడు “ఆంధ్రోళ్ళ పిల్లరా” అన్నాడు. కర్ర నేలకు తాకిన చప్పుడైంది. భయంతో నా గౌను తడిసిపోయింది.

అప్పుడు అక్క మాట్లాడింది. “అవ్, ఆంధ్రోళ్ళ పిల్లనే. బుగులువడి అబద్ధమాడింది. నేను పోచంపల్లిదాన్ని. తెలంగాణ గావాలెనని మీలెక్కనే నేను గూడ ఒర్లిన. దీనమ్మకు పానం బాగలేదు. నేను దీన్ని తీస్కపోవాలె.” గొంతు ఎక్కడా తొణకలేదు. కానీ నన్ను పట్టుకున్న చెయ్యి మంచులా చల్లబడి, నా భుజం దాకా కదిలిపోయేంతగా వణుకుతోంది. అక్కకు భయమే తెలియదని అంతవరకూ అనుకున్నాను.

అతను కాసేపు మా ఇద్దరినీ చూసి పక్కకు జరిగాడు. నా దోసిట్లో పల్లీలు పోసి, “తినండీ” అన్నాడు. వెక్కిరించాడో బుజ్జగించాడో ఇప్పటికీ తెలియదు.

వంతెన దాటగానే అక్క ఒక రాయి మీద కూలబడి వాంతి చేసుకుంది. నీకూ భయమేసిందా అని అడిగాను. “పానం పోయింది పిల్లా” అంది. మూతి తుడుచుకుని లేచి, “నడువు, అమ్మ సూస్తుంటది” అంటూ మళ్ళీ నా చెయ్యి పట్టుకుంది.

దవాఖానలో అమ్మ నా తల నిమిరింది. పల్లీలు వలిచిపెడితే రెండు తింది. ఆ వారం దాటకుండానే పోయింది. ఆ రోజు వంతెన దగ్గరే వెనుదిరిగి ఉంటే నాకు అమ్మ ఆఖరి చూపు దక్కేది కాదు.

అక్క పరీక్ష ఆ ఏడాది జరగనే లేదు. నాకిప్పుడు అరవై దాటాయి. వేరుశనక్కాయలను పల్లీలనే అంటాను, ‘అండీ’ మాత్రం మానలేదు. ఇప్పటికీ దేనికైనా భయమేస్తే ముందు నా చేతి వంక చూసుకుంటాను. అది వణుకుతూ ఉంటే సిగ్గుపడను. ఆ రోజు అక్క చెయ్యీ వణికింది, కానీ నన్ను వదల్లేదు.