ఎడమ చెంప మీది మచ్చ

మా ఇంటి ముందుగదిలో ఒక పెద్ద అద్దం, రెండు కుర్చీలు, ఒక బల్ల ఉంటాయి. కోదాడలో నా పార్లర్ అంటే అంతే. పెళ్లి మేకప్‌ల కంటే నాకు మధ్యాహ్నం పూట చెప్పే పాఠమే ఇష్టం. మునగాల నుంచీ గరిడేపల్లి నుంచీ కూడా ఆడవాళ్లు వస్తారు. ఫంక్షన్ ఉన్నప్పుడల్లా పార్లర్‌కు పోలేమండీ, ఇంట్లోనే తేలిగ్గా చేసుకునేది చెప్పండి అంటారు. చెబుతాను. కాస్త కోపంగానే చెబుతాను. ఎందుకంటే వచ్చినవాళ్లలో సగం మంది గోడకు సున్నం కొట్టినట్టు ముఖానికి కొట్టుకొని వస్తారు.

పాఠం పెద్దదేమీ కాదు. ముఖం కడుక్కొని క్రీమ్ రాసుకొని, ఒక కప్పు టీ తాగేంతసేపు ఆగాలి. ఎవరూ ఆగరు. తడి మీదే ఫౌండేషన్ వేసి, అది ఉండలు కడితే కంపెనీని తిడతారు. రంగు సరిపోయిందో లేదో చేతి మీద కాదు, దవడ దగ్గర రాసుకొని, గుమ్మంలోకి వచ్చి పగటి వెలుతురులో చూసుకోవాలి. ఒక షేడ్ తెల్లది కావాలని అందరూ అడుగుతారు. ఇవ్వను. ముఖం ఒకరిది, మెడ ఇంకొకరిది అన్నట్టుంటే ఏం అందమని విసుక్కుంటాను. రుద్దకూడదు, ఉంగరపు వేలితో అద్దాలి. ఆ వేలికి బలం తక్కువ, చర్మానికి అదే మంచిది. పెదవులకు వేసుకున్న లిప్‌స్టిక్కే బుగ్గల మీద చుక్కంత పెట్టి పైకి అద్దుకుంటే చాలు, దానికి వేరే డబ్బా కొనక్కర్లేదు. సిమెంటు ఫ్యాక్టరీలున్న మేళ్లచెరువు నుంచి వచ్చే ఒకావిడ భర్త సిమెంటు లారీ నడుపుతాడు. మా ఊళ్లో పౌడర్ కొనే పని లేదండీ, గుమ్మంలో నిలబడితే చాలు అని ఆమె అందరినీ నవ్వించింది.

ఒక్కటి మాత్రం నేర్పను. మచ్చ కప్పడం ఎలాగో చెప్పండి అంటే నాకు రాదంటాను. అది అబద్ధం. నాకు వచ్చినంత బాగా ఈ చుట్టుపక్కల ఎవరికీ రాదు. దాన్ని నేను నా చెల్లెలి ముఖం మీద నేర్చుకున్నాను.

చెల్లెలు నాకంటే ఆరేళ్లు చిన్నది. పుట్టినప్పటి నుంచీ దాని ఎడమ చెంప మీద, కంటికి కొంచెం కింద, రూపాయి బిళ్లంత మచ్చ. పలచటి టీ రంగు. ఒక పక్క గుండ్రంగా, ఇంకో పక్క చెదిరిపోయినట్టు ఉండేది. అమ్మ దానికి కారణం తానేనని చచ్చేదాకా నమ్మింది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పట్టిందట. కదలకుండా పడుకోమంటే వినకుండా, దోమ కుట్టిందని చెంప గోక్కుందట. "నా గోరే దాని మొఖం మీద వడ్డది" అనేది, ఎవరు అడిగినా అడగకపోయినా. అదంతా ఉత్తదని నేను బడిలో చదువుకొచ్చి చెప్పినా వినలేదు.

నాకు ఆ మచ్చంటే ఇష్టం. సూర్యాపేటలో మేము కిరాయికి ఉన్న ఇంట్లో మా ఇద్దరిదీ ఒకటే చాప. చెల్లెలు నా వైపు తిరిగి పడుకునేది. నా బొటనవేలు ఆ మచ్చ మీద పెడితే సరిగ్గా సరిపోయేది. అలా పెట్టి ఉంచితేనే నిద్రపోయేది, తీస్తే కళ్లు తెరిచి పెట్టమనేది. దాని ముఖం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ముందు నేను మచ్చే చెప్పేదాన్ని. మచ్చ లేని చెల్లెలు నాకు తెలియదు.

నా పెళ్లయి కోదాడ వచ్చాక, ఫోన్లో వీడియోలు చూసి మేకప్ నేర్చుకున్నాను. కొత్తగా నేర్చుకున్న వాళ్లకు ఉండే పొగరు నాకూ ఉండేది. ఆ రోజుల్లోనే చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు. రెండు సంబంధాల వాళ్లు వచ్చి, టీ తాగి, దాని చెంప వైపు చూసి, కబురు చేస్తామని వెళ్లి మళ్లీ రాలేదు. మూడోది మిర్యాలగూడ సంబంధం. అబ్బాయికి మోటార్ల రిపేరు షాపు ఉంది, మంచివాడని అందరూ చెప్పారు. వాళ్లు వచ్చే రోజు పొద్దున్నే నా మేకప్ డబ్బా పట్టుకొని సూర్యాపేట బస్సెక్కాను.

చెల్లెలు వద్దంది. నాకు బాగా గుర్తుంది, గట్టిగా ఏమీ అనలేదు. "ఉండనీ అక్కా, చూస్తే చూడనీ" అంది. నేనే వినలేదు. అమ్మ గుమ్మంలో నిలబడి నా చేతుల వంక చూస్తోంది. ముందు నారింజ రంగు క్రీమ్ మచ్చ మీద మాత్రమే అద్దాను. గోధుమ రంగును అది చంపుతుంది. ఆరాక దాని మీద ఫౌండేషన్, అంచులు కలిసేలా. ఆపైన పొడి. మళ్లీ ఒక పొర. మెత్తటి కాగితంతో ఒత్తి అద్దం చేతికిచ్చాను. చెంప నున్నగా, ఏమీ ఎరగనట్టుగా ఉంది. చెల్లెలు అద్దంలో చాలాసేపు చూసుకొని బల్ల మీద బోర్లించింది. అమ్మ ఏడ్చింది, సంతోషంతో. నాకు గర్వంతో ఒళ్లు తెలియలేదు.

సంబంధం కుదిరింది. నిశ్చితార్థానికి నేనే కప్పాను, పెళ్లికి నేనే కప్పాను. తర్వాత ఏమవుతుందని నేను ఆలోచించలేదంటే ఎవరూ నమ్మరు. నిజంగానే ఆలోచించలేదు. పెళ్లయితే అంతా దానంతటదే సర్దుకుంటుందని మా ఇళ్లలో అందరం అనుకున్నట్టే అనుకున్నాను.

పెళ్లయిన మూడో రోజు చెల్లెలు ఫోన్ చేసింది. భర్త మచ్చ చూశాడట. కోప్పడలేదట. కానీ వాళ్లమ్మకు ఇప్పుడే చెప్పొద్దన్నాడట. ఆవిడకు ఇలాంటి మచ్చల మీద పట్టింపు ఎక్కువ, కొన్నాళ్లు ఆగి నేనే చెబుతాను అన్నాడట. కొన్నాళ్లే కదా అని, చెల్లెలికి కప్పుకోవడం నేర్పి క్రీముల డబ్బా ఒకటి చేతికిచ్చాను. కొన్నాళ్లు ఆగడం తొమ్మిదేళ్లయింది.

వాళ్లు మేడ మీది గదుల్లో ఉంటారు, అత్త కింద ఉంటుంది. చెల్లెలు అందరికంటే ముందు లేచి, బాత్రూం అద్దంలో చెంప కప్పుకొని, అప్పుడు మెట్లు దిగుతుంది. జ్వరం వచ్చినా అంతే. కాన్పుకు దవాఖానకు పోయేటప్పుడు కూడా సంచిలో ఆ డబ్బా పెట్టుకుంది. నేను దగ్గరే ఉన్నాను. నొప్పుల మధ్య, అక్కా చెంప చూడు, పోయిందా అని అడుగుతుంటే ఉంగరపు వేలితో అద్దాను. ఆ రోజును తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఎన్నోసార్లు చెప్పాను. ఇగ చాలు, చెప్పేసెయ్, నేనే వచ్చి మీ అత్త కాళ్లు పట్టుకుంటా అన్నాను. ఒకసారి మాత్రం అది నా వైపు సూటిగా చూసి, "పెట్టుడు నువ్వు నేర్పినవ్ అక్కా. తీసుడు నేర్పలే" అంది. దాంట్లో కోపం లేదు. ఉంటే కాస్త నయంగా ఉండేది.

అలవాటు ఎంత చెడ్డదంటే, నా ఇంటికి వచ్చినా కడుక్కునేది కాదు. ఇక్కడ ఎవరున్నారే, కడుక్కోరాదు అంటే, ఉండనీ, లేకపోతే బట్టలేసుకోనట్టు ఉంటది అనేది. పడుకుంటే ఎడమ చెంప దిండులో దాచుకొని పడుకునేది. వీడియో కాల్లో మాట్లాడినా నున్నటి చెంపే. తొమ్మిదేళ్లు చెల్లెల్ని చూస్తూనే ఉన్నాను, దాని ముఖం మాత్రం చూడలేదు. రోజుకు పది ముఖాలు పట్టుకునే పని నాది. ఎవరి ముఖం పట్టుకున్నా వేళ్లు ఆ చోటు వెతుక్కునేవి. ఆ మచ్చ అంచులు ఎటు గుండ్రమో, ఎటు చెదిరి ఉంటాయో మెల్లగా మరిచిపోతున్నానని తెలిసిన రోజు, పాఠం మధ్యలో ఆపేసి లోపలికి వెళ్లి ఏడ్చాను. వచ్చినవాళ్లు తలనొప్పి అనుకున్నారు.

ఈ ఎండాకాలం సెలవులకు చెల్లెలు కూతుర్ని తీసుకొని నాలుగు రోజులు ఉందామని వచ్చింది. పిల్లకు ఏడేళ్లు. దాని చెంపలు రెండూ శుభ్రంగా ఉంటాయి. ఒక మధ్యాహ్నం ఎవరూ రాలేదు. చెల్లెలు వంటింట్లో మామిడికాయలు కోస్తోంది. పిల్ల కుర్చీ ఎక్కి కూర్చొని తనకూ మేకప్ వేయమంది. ఆడించడానికి ఉత్త బ్రష్ తీసుకొని నుదుటి మీద తిప్పబోయాను. నా చెయ్యి పట్టుకొని ఆపింది.

"ముందు గీడ పెట్టాలె పెద్దమ్మా" అంటూ ఎడమ చెంప చూపించింది.

అక్కడ ఏముందని అడిగాను.

"ఏం లేదు. కని దాయాలె. పెద్దగైతె అందరు దాయాలె కద."

తల తిప్పితే వంటింటి గుమ్మంలో చెల్లెలు కత్తి పట్టుకొని నిలబడి ఉంది. అంతా విన్నది. కత్తి బల్ల మీద పెట్టి, కూతుర్ని దించి, తను కుర్చీలో కూర్చుంది. చేతులు కూడా కడుక్కోలేదు. "తుడువక్కా" అంది.

కొబ్బరినూనె అరచేతిలో వేసుకొని వెచ్చచేశాను. ముందు పొడి కరిగింది, తర్వాత ఫౌండేషన్, ఆఖరున ఆ నారింజ రంగు. తడిబట్టతో మెల్లగా ఒత్తాను. మచ్చ బయటపడింది. దాని చుట్టూ చర్మం రోజూ కప్పీ కప్పీ గరుకుతేలి, చిన్న చిన్న పొక్కులతో ఉంది. మచ్చ మాత్రం చక్కగా ఉంది. చుట్టూ ఉన్నది నేను చేసింది.

పిల్ల దగ్గరికి వచ్చి వంగి చూసింది. నొప్పి పెడుతుందా అని అడిగింది. లేదంది చెల్లెలు. మరెందుకు దాస్తున్నవ్ అని అడిగింది. చెల్లెలు నా వైపు చూసింది. తొమ్మిదేళ్లుగా నేను చెప్పాల్సిన మాట చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు.

"నేనే దాయమన్న బిడ్డా. మీ అమ్మ వద్దన్నది. నేను ఇనలే" అన్నాను.

పిల్ల ఉప్పూకారం వేసి మామిడికాయ ముక్కలు పెట్టమంది. ముగ్గురం నేల మీద కూర్చొని తిన్నాం. ఆ తర్వాత రెండు రోజులు చెల్లెలు ఉత్త ముఖంతో నా ఇంట్లో తిరిగింది. నేను పని మానేసి దాని వంకే చూస్తుంటే, కొత్తగా చూసినట్టు చూస్తున్నవేందని విసుక్కుంది. నా కడుపు నిండలేదు. అంత దగ్గర ఉన్నా, ఇంకో రెండు రోజుల్లో లేకుండా పోతుందని గుబులుగానే ఉండేది.

వెళ్లే రోజు రానే వచ్చింది. పొద్దున్నే స్నానం చేసి, చీర కట్టుకొని, సంచిలోంచి డబ్బా తీసి నా పెద్ద అద్దం ముందు నిలబడింది. వద్దనడానికి నాకేం హక్కుంది? తనే నారింజ రంగు వేలికి తీసుకొని అద్దుకుంది. అంతలో పిల్ల వచ్చి పక్కన నిలబడింది. అడగలేదు, అల్లరి చేయలేదు. కళ్లు మూసుకొని ఎడమ చెంప పైకెత్తి, తన వంతు కోసం నిలబడింది.

చెల్లెలు ఆ చెంప వంక చూస్తూ ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు. తర్వాత కొంగు తీసుకొని తన ముఖం తుడుచుకుంది. డబ్బా మూత పెట్టి నా బల్ల మీద వదిలేసింది. బస్సుకు టైమైంది పద అంది.

బస్టాండులో కొంగు చెంపకు అడ్డంగా పట్టుకొని నిలబడింది. మిర్యాలగూడ బస్సు రాగానే జనం తోసుకున్నారు. ఒక చేత్తో సంచి, ఒక చేత్తో పిల్లను పట్టుకోవాల్సి వచ్చి కొంగు జారిపోయింది. సర్దుకోవడానికి మూడో చెయ్యి లేదు. అలాగే ఎక్కి కూర్చుంది. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, ఇంటికొచ్చి, ఆ రోజు పాఠం లేదని అందరికీ ఫోన్ చేశాను. ఏ ఊరు దాటి ఉంటుంది, ఇంటి మెట్లు ఎక్కి ఉంటుందా, అత్త ఎదురుపడి ఉంటుందా అని సాయంత్రం దాకా అదే ధ్యాస. నేనే ఫోన్ చేద్దామంటే ధైర్యం చాల్లేదు.

దీపాలు పెట్టే వేళకు తనే చేసింది. అత్త చూసిందని చెప్పింది. ఏమన్నదని అడిగాను.

"ఎప్పటిదని అడిగింది. పుట్టినప్పటిదని చెప్పిన. అప్పటిసంది నాతోని మాట్లాడ్తలేదు."

నేను పొద్దున్నే బస్సెక్కి వస్తాను, తప్పంతా నాదని చెబుతాను, తిడితే నన్ను తిట్టమను అన్నాను. రావద్దంది. ఆయన ఇంకా షాపు నుంచి రాలేదు, వచ్చినంక చూద్దాం అంది. ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను. లైన్లో ఫ్యాను చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"చెంపకు గాలి తగుల్తున్నది అక్కా" అంది చెల్లెలు. "ఇట్ల ఉంటదని మర్సిపోయిన."