ఐసులో పెట్టిన రక్తం: ఆమదాలవలస మీదుగా విజయనగరం

ఫ్లో సైటోమీటర్ చూడ్డానికి ఫొటోస్టాట్ మిషన్‌లాగే ఉంటుంది. రక్తంలోని కణాలను ఒకదాని వెనక ఒకటి లేజర్ కాంతి ముందు నడిపించి, ఏ రకానివి ఎన్ని ఉన్నాయో చెబుతుంది. ఖరీదు కోట్లలో ఉంటుంది, మాలాంటి చిన్న కాలేజీలు కొనలేవు. విజయనగరంలో ఒక కాలేజీ తమ యంత్రాన్ని బయటి పరిశోధకులకూ గంటల లెక్కన ఇస్తోంది, కొత్తవాళ్లకు దగ్గరుండి నేర్పుతోంది. తీరం ఊళ్లలో కిడ్నీ జబ్బు మీద పనిచేస్తున్న నాకు, చాన్నాళ్లు ఎదురుచూశాక అక్కడ ఒక పూట దొరికింది. రోగుల రక్తంతో పోల్చడానికి జబ్బు లేనివాళ్ల రక్తం కావాలి. దానికి మా మేనత్త నీలమ్మ ఊరికి వెళ్లాను.

అదే కష్టమైంది. "మాకు రోగమేటీ నేదు కదా, మా రగతం నీకెందుకు?" అని అందరూ వెనక్కి తగ్గారు. చివరికి చేపలమ్మే మా అత్త ముందుకొచ్చి చెయ్యి చాపింది. ఆమెను చూసి ఇంకొందరు వచ్చారు. ఈ రక్తం వృథా అయితే ఆ ఊళ్లో నాకు మళ్లీ మొహం చెల్లదని అప్పుడే అనుకున్నాను. రాత్రి పడుకునే ముందు అత్తతో, "రేపటిలోగా చేరకపోతే ఇదంతా పాడైపోద్దత్తా" అన్నాను కూడా.

తెల్లారి ఆరింటికి బయల్దేరాను. అప్పటికే అత్త రక్తం గొట్టాలున్న థర్మోకోల్ పెట్టెకు టేపు చుట్టి, గోనెగుడ్డ కప్పి ఆటోలో పెట్టేసింది. బరువనిపించింది గానీ, ఎండుచేపల కూర గిన్నె దూర్చి ఉంటుందిలే అనుకుని లోలోపల సంతోషించాను. శ్రీకాకుళం దాకా షేర్ ఆటో, అక్కడినుంచి స్టేషనుకి బస్సు. స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డే గానీ ఉన్నది ఆమదాలవలసలో, కొత్తగా వచ్చేవాళ్లు ఇక్కడే తికమక పడతారు. ప్యాసింజరు టికెట్టు టిఫిను ఖర్చు కంటే తక్కువే. కిటికీ పక్కన సీటు దొరికింది. గంట పైచిలుకు ప్రయాణంలో చీపురుపల్లి దాటేదాకా నిశ్చింతగా కునుకు తీశాను.

విజయనగరంలో ఆటో ఎక్కి రెండు వీధులు దాటామో లేదో, డ్రైవరు వెనక్కి తిరిగాడు. "అమ్మా, మీ పెట్టెలోంచి నీళ్లు కారతన్నాయి. సేపలేటి?"

"కాదు బాబూ, రక్తం."

అతను బండి పక్కకు తీసి ఆపాడు. టేపు పీకి చూస్తే, గొట్టాలన్నీ తురిమిన ఐసులో మెడల దాకా మునిగి ఉన్నాయి. చల్లదనం ఇంకా పెరగాలని మధ్యమధ్య గళ్లుప్పు కూడా చల్లింది మా అత్త. చేపల పెట్టె ఎలా సర్దుతుందో అచ్చం అలాగే సర్దింది. ఈ పరీక్షకు రక్తాన్ని గది వేడిలోనే ఉంచాలి.

కాలేజీలో యంత్రం చూసుకునే భాస్కర్ గారు ఒక గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూశారు. పైన పసుపుగా తేలాల్సిన నీరు ఎర్రగా ఉంది. "ఉప్పు కలిసిన ఐసుకి ఇదీ ఐసులా గడ్డకట్టి, మళ్లీ కరిగిందమ్మా. కణాలు పగిలిపోయాయి" అన్నారు. నా మొహం చూసి, "పూట పోగొట్టుకోవడం దేనికి? మీ రక్తం ఇవ్వండి, దానిమీద నేర్చుకుందురు" అన్నారు.

ఇచ్చాను. తెరమీద నా కణాలు చుక్కలుగా పడుతుంటే ఆయన ఒక రంగు సంగతి చెప్పారు. చచ్చిన కణం ఆ రంగును పీల్చుకుంటుంది, బతికున్నది లోపలికి రానివ్వదు. ముందు చచ్చినవాటిని పక్కన పెట్టి, ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టాలి. నావి దాదాపు అన్నీ బతికే ఉన్నాయి. అవతల బల్లమీద అత్తవి ఉన్నాయి. అటు చూడలేకపోయాను.

సాయంత్రం స్టేషను బెంచీమీద కూర్చుని, చెప్పాలా వద్దా అని చాలాసేపు తన్నుకులాడి, చివరికి అత్తకు ఫోన్ చేశాను. జరిగినదంతా చెప్పాను.

"సచ్చిన సేపకి ఐసు ఏస్తాం గానీ, బతికున్నదానికి ఎవులేస్తారే? అది బతికున్నాదని ఒక్క ముక్క సెప్పకపోయావు" అంది. తర్వాత మెల్లగా, "ఐసు ఏసింది నేనేనని ఊళ్లో నేనే సెప్తాను. మల్లీ ఒచ్చి తీసుకెల్లు" అంది.

రైలు ఎక్కాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఇన్నేళ్లుగా నేను నమూనా అన్నాను, శాంపిల్ అన్నాను, పాడైపోతుంది అన్నాను. నా అత్త చేతిలోంచి తీసుకున్నది ఇంకా ప్రాణంతోనే ఉందన్న సంగతి మాత్రం ఆమెకే చెప్పలేదు.

మీరూ ఇలా బయల్దేరితే ఐసు జోలికి పోకండి. గొట్టాలకు మందపాటి గుడ్డ చుట్టి, ఎండ తగలకుండా తీసుకెళ్లండి. గడప దాటే ముందు మాత్రం, లోపల ఉన్నది బతికే ఉందని ఆ ఇంటివాళ్లకి నోటితో చెప్పండి.