సవరయ్య మాస్టారి మరుపు

సవరయ్య మాస్టారికి మరుపు. అన్నింటిలోనూ కాదు, ఒక్క ఫ్రెంచిలోనే. ఆయన ఉద్యోగమేమో మా కాలేజీలో బి.ఏ. వాళ్లకు ఫ్రెంచి చెప్పడం!

క్లాసులోకి వస్తూనే "బోం..." అని ఆగిపోయేవారు. గోడకేసి చూసి, పైకప్పుకేసి చూసి, చివరికి నాకేసి చూసేవారు.

"ఆ తరవాతేంటోయ్ పున్నారావూ?"

"జూర్ అండి."

"ఆఁ, బోంజూర్! కూర్చోండి, కూర్చోండి."

యానాంలో పుట్టి, పాండిచ్చేరిలో చదివి, ఇరవై ఏళ్లుగా అదే పాఠం చెబుతున్న మనిషి నమస్కారం కూడా మరిచిపోతే ఇక మా గతేమిటి? తక్కినవాళ్లు నవ్వుకునేవారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడేది. మార్కులు దండిగా పడతాయని ఎవరో చెబితే తెలుగు మానేసి ఫ్రెంచి తీసుకున్నవాణ్ణి. రాయమంటే రాస్తాను. ఎదురుగా కూర్చుని అడిగారా, నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. ప్రిన్సిపాలుగారు పెట్టిన రెండు నోటి పరీక్షల్లోనూ చెమటలు తప్ప మాట రాలేదు. అసలు పరీక్ష ప్యాసైతే మైలవరం హైస్కూల్లో ఉద్యోగం. తప్పితే చాట్రాయిలో మా మామిడితోటకు కాపలా. మా నాన్న ముందుచూపున్న మనిషి, కోతుల్ని తోలడానికి వడిసెల కూడా కొని ఉంచాడు.

అది నలభై ఎనిమిదో సంవత్సరం ఏప్రిల్. పరీక్షకు వారం ముందు మాస్టారు నన్ను ఆగిరిపల్లి పక్కన భార్య మగ్దలేనమ్మగారి తోటకు రమ్మన్నారు. మా అమ్మ బసవమ్మ సరస్వతాకు కట్టి ఇచ్చింది, జ్ఞాపకశక్తికి మంచిదని. నాకు కాదు, మాస్టారికి.

"రోజూ పరగడుపున నాలుగాకులు నమలండి మాస్టారూ," అన్నాను. పాపం, బుద్ధిగా నమిలేవారు. నమిలిన కొద్దీ మరుపు ముదిరింది.

"పారిస్‌లో జనం వీధిలో కుర్చీలేసుకుని కాఫీ తాగుతారోయ్. ఆ కాఫీ కొట్టుని ఏమంటారూ?"

"కఫే అండి."

"ఆఁ! నాలిక చివరే ఉంది."

ఎక్కడో మార్టినిక్ దీవిలోనూ ఫ్రెంచే మాట్లాడతారనీ, అక్కడా మామిడి కాస్తుందనీ గంటసేపు చెప్పి, మామిడికాయని ఏమంటారో నన్నే అడిగారు. కూలీలు చిక్కంతో కాయ కోస్తుంటే దాని గురించి ఫ్రెంచిలో మొదలుపెట్టి సగంలో ఆగిపోయారు. పొడుగాటి గడ, చివర వలసంచి, కాయ నేల తగలకుండా అందులో పడుతుందని మిగతా సగం నేనే చెప్పాను. వారమంతా ఆయనకు నేనే పాఠం చెప్పినట్టయింది. నా దిగులు రెట్టింపయింది.

పరీక్షనాడు మద్రాసు నుంచి పరీక్షాధికారి సూటూ బూటూ వేసుకుని వచ్చాడు. మాస్టారు పక్క కుర్చీలో కూర్చున్నారు. "మీ ఊరి గురించి చెప్పు," అని ఫ్రెంచిలో అడిగాడాయన. ప్రశ్న అర్థమైంది. నోరే పెగల్లేదు. ఆయన సున్నా వేయడానికి పెన్సిలు తీశాడు. నాకు వడిసెల కళ్లముందు ఆడింది.

మాస్టారు దగ్గి, ఫ్రెంచిలోనే, "వీళ్లది మామిడి ప్రాంతమండి. కాయ కింద పడకుండా ఒక... ఒక..." అని ఆగిపోయి, చేతులు గాల్లో తిప్పుతూ నాకేసి చూశారు.

పరాయి మనిషి ముందు మాస్టారి పరువు పోతోందని నా ప్రాణం కొట్టుకుంది. పరీక్ష నాదన్న సంగతే మరిచిపోయాను. "చిక్కమండి!" అని, అదేమిటో ఫ్రెంచిలో అందుకున్నాను. గడా, వలా, కారే సొనా, గడ్డిలో మాగవేయడం, బండ్లమీద నూజివీడు తోలడం, అన్నీ వచ్చేశాయి. మధ్యలో మాస్టారు ఇంకో రెండు మాటలు మరిచిపోయారు. అవీ నేనే అందించాను.

పరీక్షాధికారి నవ్వాడు. "కుర్రాడు ఫరవాలేదు. మాస్టారే ఇక విశ్రాంతి తీసుకుంటే మంచిది," అన్నాడు.

"చిత్తం. వయసు మీద పడుతోందండి," అన్నారు మాస్టారు తల వంచుకుని. నాకు ఒళ్లు మండిపోయింది.

ప్యాసయ్యాను. బుట్టెడు చిన్నరసాలూ, కట్టెడు సరస్వతాకూ పట్టుకుని తోటకు పరుగెత్తాను. ఆకు చూసి మగ్దలేనమ్మగారు పొట్ట పట్టుకుని నవ్వారు.

"ఆయనకి మరుపేంటి బాబూ! మా పెళ్లి భోజనాల్లో పప్పులో ఉప్పెక్కువైన సంగతి పాతికేళ్లుగా గుర్తుచేస్తూనే ఉన్నారు. ఇదిగో, ఇది చూడు," అని ఒక నోటుపుస్తకం తెచ్చిచ్చారు.

పేజీకొక విద్యార్థి పేరు. నా పేజీలో మాస్టారి చేతిరాత ఇలా ఉంది: "పున్నారావు. పరీక్షిస్తే బెదురుతాడు, సాయమడిగితే చెబుతాడు. నేను మరిచిపోవలసినవి: సోమవారం కఫే. మంగళవారం మామిడికాయ. బుధవారం చిక్కం." అడుగున ఇంకో గీత: "పరీక్షనాడు మళ్లీ చిక్కం."

నాకు సిగ్గేసింది. అంతకు పదింతలు ఆయన మీద ప్రేమ పొంగింది. ఇంతలో మాస్టారే లోపల్నుంచి వచ్చారు.

"బోం..." అని ఆగారు.

నేనూ ఆగాను. "గుర్తు రావడం లేదండి," అన్నాను.

ఆయన నా చేతిలో పుస్తకం చూశారు. నాలుగు సరస్వతాకులు తుంచి నా చేతిలో పెట్టి, "అయితే నువ్వు నములు," అన్నారు.

ఇప్పుడు మైలవరంలో ఫస్టుఫారానికి ఇంగ్లీషు చెబుతున్నాను. క్లాసులో భాగ్యవతి అని ఒక పిల్ల ఉంది, చచ్చినా నోరు విప్పదు. ఏం చిత్రమో, ఆ పిల్ల ముందు నాకు గొడుగుని ఇంగ్లీషులో ఏమంటారో గుర్తురాదు. మొన్న వాళ్లమ్మ జాలిపడి కట్టెడు సరస్వతాకు పంపించింది. రోజూ పరగడుపున నములుతున్నాను.