పసుపు కమ్మల పిల్ల

కరోనా తగ్గిన మరుసటి ఏడాది నేను మస్కట్‌లో ఒక అమెరికా వాళ్ళ ఇంట్లో కద్దామాగా చేరాను. ఇంట్లోనే ఉండి వంట, శుభ్రం చూసే ఆడమనిషిని అక్కడ అలా పిలుస్తారు. సార్ ఇంజనీరు, మేడమ్ టీచరు. ఇద్దరూ నల్లజాతి వాళ్ళు. కూతురు నయోమి పన్నెండో తరగతి.

ఏప్రిల్‌లో నయోమికి రెండు కాలేజీల్లో సీటు వచ్చింది. నెలాఖరులోగా ఒకదానికి ఒప్పుకోవాలి. ఒకటి మేడమ్ చదివింది. అక్కడ దాదాపు అందరూ నల్లవాళ్ళే. రెండోది బాగా పేరున్నది. అక్కడ వీళ్ళు కొద్దిమందే.

"ఆ పేరు వింటే ఏ కంపెనీ అయినా పిలిచి ఉద్యోగమిస్తుంది," అనేవారు సార్.

"అంతకు ముందు నాలుగేళ్ళు అక్కడ ఉండాల్సింది నా కూతురు. నల్లపిల్లవి, నువ్విక్కడికెలా వచ్చావని మా కాలేజీలో నన్ను ఒక్కరూ అడగలేదు," అనేవారు మేడమ్.

ఈ వాదన మొదలైతే నయోమి అన్నం వదిలేసి లేచిపోయేది.

ఒక శుక్రవారం టీ ఇచ్చి, బల్ల మీదున్న, ఆ పేరున్న పెద్ద కాలేజీ పంపిన పుస్తకం తిప్పాను. యాభై దాటాక మస్కట్‌లోనే దార్సైట్ అనే పేటలో ఒక టీచరమ్మ దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను గానీ ఇంగ్లీషు చదవడం రాదు. బొమ్మలే చూశాను.

"మేడమ్, నాలుగు పేజీల్లోనూ ఈ పసుపు కమ్మల పిల్లే ఉంది. చొక్కాలు మార్చినారు, అంతే," అన్నాను నా కిచిడీ ఇంగ్లీషులో.

మేడమ్ పడీపడీ నవ్వారు. "చూశావా, నీ పెద్ద కాలేజీకి నల్లపిల్ల ఒక్కతే దొరికింది!" అని సార్‌ను దెప్పారు.

సార్ కూడా నవ్వి, "రత్నమ్మా, నువ్వయితే ఏం చేస్తావు?" అని అడిగారు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కొత్త ఇల్లు ఒప్పుకునే ముందు, అక్కడ పనిచేసిన మనిషికి ఫోన్ చేస్తాం. ఎన్నాళ్ళుంది, ఎందుకు మానేసింది, జ్వరమొస్తే ఎవరు చూశారు అని అడుగుతాం. అదే చెప్పాను. "పుస్తకం అచ్చేసినోళ్ళకేం తెలుస్తాది సార్, ఆ పిల్లనే అడగండి."

అక్కడ చదివే పిల్లలతో మాట్లాడాలని నయోమి రెండు కాలేజీలకూ రాసింది. మేడమ్ కాలేజీ నుంచి మాట్లాడినామె ఏది అడిగినా అంతా బాగుందనే చెప్పింది. పెద్ద కాలేజీ నుంచి పసుపు కమ్మల పిల్లే వీడియో కాల్‌లోకి వచ్చింది. మొదటి ఏడు వెళ్ళిపోదామని రెండుసార్లు పెట్టె సర్దుకున్నానంది. తరగతిలో ఎవరు చిన్నచూపు చూశారో, ఏ మాస్టారు తనవైపు నిలబడ్డారో, ఆదివారాలు ఎవరి గదిలో కలిసి వండుకుంటారో వివరంగా చెప్పింది. చివర్లో, "నువ్వూ రా. ఫోటోలకి నేనొక్కదాన్నే చాలడం లేదు," అంది.

మేడమ్ ఆ పిల్ల నంబరు రాసుకున్నారు. దాంతో పెద్ద కాలేజీకే నిర్ణయం అయిపోయిందని నాకు అర్థమైంది. ఆ పూట నయోమి రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

నేను పని మానేసి కడపకు వచ్చాక మా మనవరాలికి నర్సింగ్ కాలేజీ చూడవలసి వచ్చింది. ప్రతిచోటా ఆఫీసు గదికి వెళ్ళే ముందు హాస్టల్లో రెండో ఏడు పిల్లల దగ్గర కూర్చున్నాను. అంతా బాగుందన్న పిల్లల కాలేజీని పక్కన పెట్టి, నీళ్ళకు ఇబ్బందే అయినా మేం ఉండిపోయామన్న పిల్లల కాలేజీలో చేర్పించాను.